పిల్లి సినిమానే కదా అని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను (స్పాయిలర్లు ఉన్నాయి)

#1 నిద్రలేని_నాన్న

నిన్న రాత్రి మా అమ్మాయి పోరు పడలేక "పుస్ ఇన్ బూట్స్: ద లాస్ట్ విష్" పెట్టాను. 2022లో వచ్చిన యానిమేషన్ సినిమా, పుస్ అనే కత్తివీరుడు పిల్లి కథ. ఇన్నాళ్లూ చూడకపోవడానికి కారణం బద్ధకం కాదు, 2011లో వచ్చిన మొదటి భాగం. పర్వాలేదు అనిపించింది, మర్నాటికి మర్చిపోయాను. అసలు ఈ పిల్లి వేరేవాళ్ల సినిమాలో పక్కపాత్ర కదా. 2004లో ష్రెక్ రెండో భాగంలో టోపీ పట్టుకుని, కళ్ళు ఇంతింత చేసి చూసి అందర్నీ పడేశాడు. ఆ ఒక్క చూపు మీద ఎన్ని సినిమాలు తీస్తారు, అదీ పదకొండేళ్ల తర్వాత? పిల్లని టీవీ ముందు కూర్చోబెట్టి నేను ఫోన్ చూసుకుందాం అన్నది ప్లాన్.

మొదట్లో అంతా అనుకున్నట్టే సాగింది. పాట, విందు, రాక్షసుడు, కత్తిసాము, తన గొప్పలు తనే చెప్పుకోవడం. గంట మీద పడి చచ్చిపోయాడు. సరే, పిల్లికి తొమ్మిది ప్రాణాలు అంటారుగా, లేచి కూర్చున్నాడు. డాక్టరు లెక్క అడిగాడు. ఎద్దుల కింద పడి ఒకటి, ఫిరంగిలో దూరి ఒకటి, రొట్టెల పొయ్యిలో ఒకటి... అలా ఎనిమిది అయిపోయాయి. మిగిలింది ఒక్కటే. ఇంతవరకూ కూడా జోకే.

తర్వాత బార్‌లో కూర్చుని ఉంటే పక్కకి ఒక తోడేలు వచ్చింది. సన్నగా ఈల వేసింది. ఎంతో మర్యాదగా మాట్లాడింది. కత్తి తీస్తే ఒక్క ఊపుతో ఎగరగొట్టింది. మనవాడి నుదుటి మీద గాటు పడి రక్తం కారింది. వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఎవరికీ భయపడనని పాట పాడుకున్నవాడు కత్తి అక్కడే పారేసి పరుగో పరుగు.

ఫోన్ ఎప్పుడు పక్కన పెట్టానో నాకే తెలియదు. పిల్ల పడుకున్నాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. ఇది నా ఒక్కడికేనా?

#2 ఫ్రేముఫ్రేము

మీ ఒక్కరికే కాదండీ. ఈ సినిమా అందరికీ ఇలాగే ఆలస్యంగా తగిలింది.

కథ గురించి మిగతావాళ్లు చెప్తారు, నేను బొమ్మ గురించి చెప్తాను, నా పిచ్చి అది. సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. మామూలు కంప్యూటర్ యానిమేషన్‌లో ప్రతి ఫ్రేముకీ పాత్ర కొంచెం కొంచెం కదులుతూ పోతుంది కాబట్టి నూనె రాసినట్టు జారుతుంది. ఇందులో పోరాటాలు వచ్చినప్పుడు చూడండి, ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు నిలబెడతారు. అంటే సెకనుకి 12 బొమ్మలు. దాంతో కదలికకి ఒక దెబ్బ, ఒక విరుపు వస్తుంది. ఒక భంగిమ కంట్లో ముద్ర పడ్డాక గానీ ఇంకోటి రాదు. చేత్తో బొమ్మలు గీసిన కాలం నాటి కిటుకే ఇది. 2018లో వచ్చిన స్పైడర్ మ్యాన్ సినిమా, అదే స్పైడర్ వెర్స్, దీన్ని కంప్యూటర్ బొమ్మలకి మళ్ళీ తెచ్చింది. ఆ తర్వాత మిగతా స్టూడియోలకి ధైర్యం వచ్చింది.

రెండోది రంగులు. 2011 సినిమాలో పిల్లి ఒంటి మీద వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, అప్పట్లో అదే గొప్ప. ఇందులో ఒకచోట ఆపి దగ్గరగా చూడండి. ఆకులు, మబ్బులు, పిల్లి బొచ్చు, అన్నీ కుంచెతో పూసినట్టు ఉంటాయి. పాత కథల పుస్తకంలో బొమ్మ లేచి పరిగెడుతున్నట్టు. దర్శకుడు జోయెల్ క్రాఫర్డ్, సహదర్శకుడు జాన్యుయెల్ మెర్కాడో. క్రాఫర్డ్ దీనికి ముందు 2020లో క్రూడ్స్ రెండో భాగం తీశాడు. అది చూసినవాళ్లెవరూ ఇతని నుంచి ఇది వస్తుందని ఊహించి ఉండరు. నేనైతే ఊహించలేదు.

#3 చిట్టిఅమ్మ

అయ్యో, ఆ ఈల గురించి చెప్పొద్దు. మా వాడికి అయిదేళ్లు. సినిమా చూసిన వారం రోజులు ఇంట్లో ఎవరు ఈల వేసినా వచ్చి నా కొంగు పట్టుకునేవాడు. వాళ్ల నాన్న ఒకరోజు తెలియక స్నానం చేస్తూ ఈల వేశారు, ఇక చూసుకోండి.

ఇది పిల్లల సినిమా అని నమ్మి పెట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని. బాగుంది, చాలా బాగుంది, కాదనను. కానీ ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఇంకో రెండేళ్లు ఆగేదాన్ని.

#4 సందేహాలరావు

నేను ఈ చర్చలో చెడ్డవాణ్ణి అవుతాను, ఏం అనుకోకండి.

మీరందరూ "అనుకున్న దానికంటే బాగుంది" అంటున్నారు. అనుకున్నది ఎంత? సున్నా. సున్నా కంటే ఏదైనా ఎక్కువే. గొప్ప సినిమా అని ముందే చెప్పి కూర్చోబెట్టి ఉంటే ఇంత మురిసేవారా? నాకు స్నేహితులు ఏడాది పాటు చెప్పీ చెప్పీ చూపించారు. నాకు బాగానే ఉంది అనిపించింది, అంతే. ఎలుక కోసం తవ్వినవాళ్లకి కొండ దొరికింది. కొండ కోసం తవ్వినవాడికి గుట్ట దొరికింది. వస్తువు ఒకటే!

#5 మూడోవరుస

రావుగారూ, నాకు ఇద్దరి పరిస్థితీ లేదు. నేను రెండోసారి చూసినప్పుడే ఎక్కువ నచ్చింది. రెండోసారికి ఆశలు బాగానే ఉన్నాయిగా. మీ లెక్క అక్కడ తేలదు.

#6 కథలపెట్టె

రావుగారి ప్రశ్న మంచిదే. నేను దాన్ని ఇంకో వైపు నుంచి చూస్తాను.

ఈ కథ పుట్టుక చూస్తే సినిమా చేసిన పని ఎంతో అర్థమవుతుంది. బూట్ల పిల్లి కథని మనకి తెలిసిన రూపంలో రాసింది ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో, 1697లో. పిల్లికి బూట్లు తొడిగింది కూడా ఆయనే. అంతకు ముందే ఇటలీలో స్ట్రాపరోలా 1550లలో, బాసిలే 1634లో ఇలాంటి కథలు అచ్చువేయించారు, వాటిలో బూట్లు లేవు, పైగా పిల్లి ఆడది. అన్నిటిలోనూ పని ఒకటే. పిల్లి అబద్ధాలాడి, మాయ చేసి, పేద యజమానికి సంపద, పెళ్లి తెచ్చిపెడుతుంది. ఆ పిల్లికి ఏం కావాలో ఎవరూ అడగరు.

బాసిలే కథలో ముగింపు ఒకటి ఉంది, వింటే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. పిల్లి తన యజమాని విశ్వాసం పరీక్షిద్దామని చచ్చినట్టు నటిస్తుంది. అంతకుముందే దాన్ని బంగారు పెట్టెలో దాచుకుంటానని మాట ఇచ్చినవాడు, కాలు పట్టి కిటికీలోంచి పారేయమంటాడు. పిల్లి లేచి నాలుగు చీవాట్లు పెట్టి వెళ్ళిపోతుంది.

నాలుగు వందల ఏళ్ల కిందట ఆ పిల్లి చావు ఒక నాటకం. ఇక్కడ ఎనిమిదిసార్లు నాటకంలా చచ్చినవాడికి తొమ్మిదోసారి నిజమైన చావు ఎదురవుతుంది. సినిమా తీసినవాళ్లు బాసిలేని దృష్టిలో పెట్టుకున్నారని నేను అనడం లేదు. కానీ ఈ పిల్లికి ఏం కావాలి అని అడగడంతోనే కథ కొత్తదైపోయింది. మొదట అడిగేది మళ్ళీ తొమ్మిది ప్రాణాలు. ఆ కోరిక తీర్చే నక్షత్రం కోసమే కదా అందరి వేట.

ఇంకో ముచ్చట. స్పానిష్ వాళ్లు పిల్లికి ఏడు ప్రాణాలే అంటారు. వీడు స్పానిష్ యాసలో మాట్లాడుతూ ఇంగ్లీషు వాళ్ల లెక్కలో రెండు ఎక్కువ తీసుకున్నాడు. గడుసువాడు.

#7 నిద్రలేని_నాన్న

> ఆ పిల్లికి ఏం కావాలో ఎవరూ అడగరు

ఈ మాట బాగా పట్టుకున్నారండీ.

రావుగారూ, ఒకటి ఒప్పుకుంటా. ఏమీ అనుకోకుండా కూర్చోవడం వల్ల నాకు లాభమే జరిగింది. కానీ నన్ను పట్టేసింది ఏంటో చెప్పనా? భయపడ్డాక వాడు చేసే పని. హీరో వేషం మొత్తం విప్పి గోతిలో పాతిపెట్టి, ముప్ఫై నలభై పిల్లులున్న ఒక ముసలావిడ ఇంట్లో మామూలు పెంపుడు పిల్లిలా చేరతాడు. గడ్డం పెరుగుతుంది. గిన్నెలో పెట్టింది తింటాడు. పేరు కూడా పోయి ఇంకో పేరు వస్తుంది. పిల్లలకి అది నవ్వు, మా అమ్మాయి పడి పడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. భయపడి ఒక పని మానేసి, ఇదే హాయిగా ఉంది అని సర్దిచెప్పుకున్న రోజులు నాకూ ఉన్నాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే ఏంటో ఆ సీన్‌లో చూశాను.

#8 మూడోవరుస

అడవిలో సీన్ గురించి ఇంకా ఎవరూ రాయలేదేంటి?

తోడేలు మళ్ళీ కనపడగానే పుస్ పారిపోతాడు. ఒక చెట్టుకి ఆనుకుని కూలబడతాడు. ఊపిరి అందదు. గుండె చప్పుడు తప్ప మిగతా శబ్దాలన్నీ దూరమైపోతాయి. అప్పుడు వేటలో వాడి వెంట తిరిగే కుక్కపిల్ల పెరీటో వస్తుంది. ఏమైంది అని అడగదు. ధైర్యం చెప్పదు. తల తీసుకెళ్లి వాడి పొట్ట మీద పెట్టి పడుకుంటుంది. వాడి చెయ్యి కుక్కపిల్ల తల మీదకి వెళ్తుంది. మెల్లగా ఊపిరి దారిలో పడుతుంది.

నాకు ఇలాంటివి వచ్చాయి. చాలాసార్లు. "టెన్షన్ పడకు" అనేవాళ్లు పక్కన పది మంది ఉంటే ఇంకా ఎక్కువయ్యేది. ఒక పిల్లల సినిమా దీన్ని ఇంత సరిగ్గా చూపిస్తుందని నేను అనుకోలేదు. ఎవరు చెప్పారో వాళ్లకి.

అంతే. ఎక్కువ రాయలేను.

#9 చిట్టిఅమ్మ

మూడోవరుస, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ సీన్ అప్పుడు మా వాడు నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు, వాడంతట వాడే. నేను దాన్ని నిద్ర అనుకున్నాను. ఇప్పుడు అనుమానం వస్తోంది.

#10 సందేహాలరావు

ఆ సీన్‌కి నేను ఎదురు చెప్పను. అది బాగుంది. చాలా బాగుంది.

నా గొడవ విలన్ జాక్ హార్నర్‌తో. ఒక పక్క చావు అంటే భయం, ప్రాణం విలువ అని ఇంత బరువుగా చెప్తారు. ఇంకో పక్క ఆ లావుపాటి జాక్ తన మనుషుల్ని ఒక్కొక్కర్నీ చచ్చేలా వాడుకుంటుంటే మనం నవ్వాలి. ఒకే సినిమాలో ప్రాణానికి రెండు ధరలా? అక్కడే నాకు పట్టు తప్పింది.

#11 కథలపెట్టె

నాకు అది పొరపాటులా అనిపించలేదు. ఇందులో ఎదిరించేవాళ్లు మూడు రకాలు, గమనించారా? గోల్డీ, ఆమె ఎలుగుబంట్లు ఒక రకం. అనాథ పిల్ల, తనకి "అసలైన" కుటుంబం కావాలనే కోరిక, తీరా పక్కనే ఉన్న ముగ్గురూ కుటుంబమే అని తెలుసుకోవడం. అది మామూలుగా ఏ కుటుంబ సినిమాలోనైనా ఉండేదే, వీళ్లు పొట్టిగా, చక్కగా చేశారు.

జాక్ ఇంకో రకం. ఈ మధ్య సినిమాల్లో ప్రతి విలన్‌కీ చిన్నప్పుడు ఏదో కష్టం ఉంటుంది, దాంతో మనం జాలిపడాలి. వీడికి ఆ కష్టం లేదు. ప్రేమించే అమ్మానాన్నలు, డబ్బు, భవనం, అన్నీ ఉన్నాయని వాడే చెప్తాడు. అయినా చెడ్డవాడే. వాడి భుజం మీద ఒక పురుగు కూర్చుని నీతులు చెప్పీ చెప్పీ చివరికి వీడు బాగుపడడని చేతులెత్తేస్తుంది. నాకు అక్కడ గట్టిగా నవ్వొచ్చింది.

ఇక తోడేలు. అది సాక్షాత్తూ చావే. అది చెడ్డది కాదు, మంచిది కాదు.

#12 సందేహాలరావు

మూడు రకాలు ఉన్నాయని నాకూ కనపడింది మహాప్రభో. రకాలు ఉన్నంత మాత్రాన కూర కుదిరినట్టు కాదు.

#13 ఫ్రేముఫ్రేము

😀

తోడేలు సంగతి వచ్చింది కాబట్టి. గొంతు ఇచ్చింది వాగ్నర్ మౌరా, బ్రెజిల్ నటుడు. చాలావరకు గొంతు పెంచడు, గమనించండి. పుస్‌కి ఎప్పటిలాగే ఆంటోనియో బాండెరాస్. ఆయనకి 2017లో నిజంగానే గుండెపోటు వచ్చింది. అది తెలిశాక "ఇదే ఆఖరి ప్రాణం" అనే మాట ఆ గొంతులో వింటే వేరేగా ఉంటుంది.

రెండోసారి చూసేవాళ్లకి ఒక పని. మొదట్లో ఊరి విందు పాట ఉంది కదా, ఆ జనంలో తోడేలు ఉంటుంది. వెతకండి. తర్వాత గుహలో అది తనెవరో చెప్పేటప్పుడు, ఎనిమిది చావులకీ తను అక్కడే ఉన్నానంటుంది. మాట వరసకి అన్నది కాదు, మొదటి నుంచీ కళ్ళెదురుగానే పెట్టారు.

#14 కొత్తగా_చేరాను

ఇది చూడాలంటే మొదటి భాగం, ష్రెక్‌లు అన్నీ చూసి రావాలా?

#15 ఫ్రేముఫ్రేము

అక్కర్లేదు. ఇది 102 నిమిషాలు, నేరుగా కూర్చోండి. కిటీ అనే ఆడపిల్లి మొదటి భాగంలో కూడా ఉంది, ఆమె సంగతి ఇందులోనే అర్థమైపోతుంది.

#16 చిట్టిఅమ్మ

కిటీ అనగానే గుర్తొచ్చింది. ఆ చర్చి సంగతి! పెళ్లి రోజున తను పారిపోయానని, ఆమెని అక్కడ వదిలేశానని వాడు సినిమా అంతా కుమిలిపోతుంటాడు. చివరికి ఆమె చెప్తుంది కదా, నేనూ రాలేదు అని. వాడు అందరికంటే ఎక్కువ ప్రేమించేది వాణ్ణే, ఆ పోటీ తను గెలవలేనని తెలుసు కాబట్టి రాలేదట. మా ఆయనా నేనూ ఒకర్నొకరు చూసుకుని ఒక నిమిషం మాట్లాడుకోలేదు. ఎందుకో అడగొద్దు 😄

#17 లెక్కలమాస్టారు

ఈ సినిమా అందరికీ ఆలస్యంగా తగిలిందని ఒకరు రాశారు, దానికి అంకెలు ఉన్నాయి. అమెరికాలో క్రిస్మస్‌కి ముందు విడుదల. అంతకు ముందు వారమే అవతార్ రెండో భాగం వచ్చి తెరలన్నీ ఆక్రమించింది. మొదటి వారాంతం మూడు రోజులకి దీనికి వచ్చింది 1.24 కోట్ల డాలర్లు. అందరూ పోయిందనే అనుకున్నారు. అక్కడే చివరికి 18.5 కోట్లు దాటింది. అంటే మొదటి వారాంతానికి దాదాపు 15 రెట్లు. పెద్ద సినిమాలు మూడు నాలుగు రెట్ల దగ్గర ఆగిపోతుంటాయి. ప్రపంచమంతా కలిపి 48 కోట్ల డాలర్లు పైనే.

ఇది పోస్టర్ చూసి వచ్చిన జనం కాదు. చూసినవాళ్లు చెప్తే వచ్చిన జనం. రావుగారి స్నేహితుల్లాంటి వాళ్లు చెప్తే. ఆస్కార్‌కి పోటీలో నిలిచింది గానీ ఆ ఏడు అవార్డు గియెర్మో దెల్ తోరో పినోకియోకి పోయింది. అది కూడా చావు గురించే, చిత్రంగా.

#18 సందేహాలరావు

మాస్టారూ, నా స్నేహితుల్ని అంకెల్లో కలిపేశారు. బాగుంది.

సరే, అందరూ ఇంత చెప్తున్నారు కాబట్టి నిజంగా అడుగుతున్నాను, వెటకారం కాదు. చావు ఎదురుగా వస్తే హీరో పోరాడి తరిమేస్తాడు. పాతకాలం నుంచీ ఉన్నదే. ఇందులో కొత్త ఏముంది?

#19 కథలపెట్టె

తరమడండీ, అదే కొత్త.

పోలిక చెప్తాను. నచికేతుడి కథ మనందరికీ తెలుసు. కుర్రాడు తనంతట తను యముడింటికి వెళ్తాడు. యముడు ఇంట్లో లేకపోతే మూడు రాత్రులు గుమ్మంలో కాచుకుని కూర్చుంటాడు, మూడు వరాలు పొందుతాడు. చివరి వరంలో, చనిపోయాక ఏమవుతుందో చెప్పమంటాడు. వద్దు, దీర్ఘాయుష్షు ఇస్తా, సంపద ఇస్తా అని యముడే బతిమాలతాడు. కుర్రాడు వద్దంటాడు.

పుస్ సరిగ్గా ఎదురు దారిలో వెళ్తాడు. చావుని చూసి పారిపోతూ, ఆయుష్షునే వరంగా అడగడానికి పరిగెత్తుతాడు. నక్షత్రం దగ్గరికి చేరేసరికి, దానికి దారి చూపే పటం చేతిలో ఉంది, కోరిక చదివితే చాలు. అప్పుడు వదిలేస్తాడు. కత్తి తీసి తోడేలుతో చెప్పేది గెలుస్తానని కాదు, నిన్ను ఎప్పటికీ ఓడించలేనని తెలుసు, అయినా ఈ ఒక్క ప్రాణం కోసం పోరాడతానని. తోడేలుకి ఒళ్ళు మండుతుంది. ప్రాణాన్ని లెక్కచేయని పొగరుబోతును చంపుదామని వచ్చింది, వాడు ఇప్పుడు లేడు. మళ్ళీ కలుద్దాం అనుకుని ఇద్దరూ విడిపోతారు. కలుస్తారు కూడా, తప్పదు. పిల్లల సినిమాలో ఆ మాట దాచకుండా అనేశారు.

నచికేతుడు మొదటి రోజే చేరిన చోటికి ఈ పిల్లి ఎనిమిది చావుల తర్వాత చేరాడు. అయితేనేం.

#20 మూడోవరుస

పటం గురించి ఒక్క మాట. ఎవరు పట్టుకుంటే వాళ్లకి తగ్గ దారి చూపిస్తుంది అది. పుస్ పట్టుకుంటే మంటల లోయ, కిటీ పట్టుకుంటే దుఃఖాల బురద. కుక్కపిల్ల పట్టుకుంటే పువ్వులు, హాయిగా పారే నది. వాడికి కోరికే లేదు కాబట్టి.

మరి వాడి బతుకు చూస్తే? చిన్నప్పుడు ఒక సాక్స్‌లో బండరాయితో పాటు వేసి నదిలో పారేశారు. వాడు దాన్ని దాగుడుమూతల ఆటగా చెప్తాడు. సాక్స్ నాకు సరిపోయింది అని స్వెటర్‌లా తొడుక్కుని తిరుగుతున్నాడు.

నేను ఆ సీన్‌కి నవ్వాలో ఏడవాలో తేలక రెండూ చేశాను.

#21 నిద్రలేని_నాన్న

ఈ చర్చ చదివి ఇవాళ మా అమ్మాయితో మళ్ళీ చూశాను. ఫ్రేముఫ్రేము గారు చెప్పారు కదా, జనంలో తోడేలుని వెతకమని. నేను కళ్ళద్దాలు సరిచేసుకుంటూ ఉండగానే పిల్ల "నాన్నా, అదిగో" అంది. మొన్నే చూసిందట. "చెప్పలేదేం?" అంటే "నువ్వు ఫోన్ చూస్తున్నావు కదా" అంది.

గుహ సీన్ వచ్చినప్పుడు భయమేస్తే ఆపేద్దామా అన్నాను. స్ఫటికాల్లో పాత ప్రాణాలన్నీ కనపడతాయి కదా, వాటి మధ్యలోంచి తోడేలు నడిచి వస్తుంది. ఆపొద్దంది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. సినిమా అయ్యాక తోడేలు చెడ్డదా అని అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు. కథలపెట్టె గారి మాటే చెప్పాను, చెడ్డది కాదు, మంచిది కాదు అని. "మరి ఎందుకు నవ్వుతుంది?" అంది. దీనికి మీలో ఎవరి దగ్గరైనా జవాబు ఉంటే రాయండి, రేపు మళ్ళీ అడుగుతుంది.

#22 చిట్టిఅమ్మ

మా వాణ్ణి అడిగాను. "దానికి ఆట ఇష్టం" అన్నాడు. ఈ మధ్య వాడే ఈల వేస్తూ ఇల్లంతా తిరుగుతున్నాడు, వాళ్ల నాన్నని భయపెట్టడానికి.

#23 సందేహాలరావు

సరే, ఈ ఆదివారం మళ్ళీ చూస్తాను. జనంలో తోడేలుని నేను అస్సలు గమనించలేదు, అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. జాక్ హార్నర్ విషయంలో మాత్రం నా మాట అదే.